ఓబుళరెడ్డి టోపీ

పోయిన యేడాది పెద్దల అమావాస్య నాడు, మడకశిర దగ్గరి ఒక పల్లెలో, మా ఆయన దివాకర్ ఇంకొకరి తాత టోపీ మీద తన తాత పేరు పిలిచాడు. పక్కన నేను ఉన్నాను. ఆ టోపీ ఎవరిదో అప్పటికి మా ఇద్దరికీ తెలుసు. అక్కడున్న మిగతావాళ్లకు తెలీదు.

టోపీ అంటే గుడ్డది కాదు. యుద్ధంలో సిపాయిలు పెట్టుకునే ఇనుప టోపీ.

గోరంట్లలో మాకు డ్రిప్పు పైపులు, బోరు మోటార్ల అంగడి ఉంది. ఆదివారం అంగడి మూసి దివాకర్ పాత సామాన్ల బజార్లు తిరుగుతాడు. ఒక వారం హిందూపురం గుజిరీ, ఒక వారం బెంగుళూరులో రోడ్డు మీద పట్టలు పరిచి అమ్మేచోటు. ఆయన కొనేవి మిలిటరీ సామాన్లే. నీళ్ల సీసాలు, తూటాల పెట్టెలు, కిట్ బ్యాగులు, బెల్టు బకిళ్లు, ఓవర్‌కోట్లు. వాటికోసం మిద్దె మీది గదిలో అలమరాలు చేయించాడు.

వాళ్లింట్లో మిలిటరీకి పోయినవాళ్లు లేరు. వాళ్ల తాత ఓబుళరెడ్డి గానుగ ఆడించి నూనె అమ్మాడు. ధర్మవరం దాటి రైలెక్కి ఎరగడని మా అత్త చెప్పేది.

దివాకర్ పెదనాన్న కొడుకు విష్ణువర్ధన్ ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ గది చూసి నవ్వేవాడు.

"మన వంశంలో హోంగార్డు గూడా లేడు గదప్పా. ఈ సిపాయి సామాన్లు ఎవరికి? సరిహద్దుకు పోతావా యేమి? మనకు దగ్గర సరిహద్దంటే కర్ణాటకనే. బస్సెక్కితే పొద్దుగూకే లోపల తిరిగి రావచ్చు."

అందరూ నవ్వేవాళ్లు. దివాకర్ బకిళ్లు తుడుచుకుంటూ ఉండేవాడు.

టోపీ దొరికింది అంతకు ముందు చలికాలంలో. హిందూపురంలో చీరలు కొనే పని పడి ఆ ఆదివారం నేనూ వెంట వెళ్లాను. ఫకృద్దీన్ అంగడిలో అది పగిలిన బకెట్ల కింద బోర్లా పడి ఉంది. మసి, నూనె, పసుపు, కుంకుమ కలిసి దాని మీద వేలి మందాన పేరుకుని ఉన్నాయి. దివాకర్ దాన్ని తిరగేసి లోపలి వైపు గోటితో గీరాడు. ఇనుము మీద కొట్టిన మిలిటరీ ముద్ర కనబడింది. ఆయన దాన్ని వెలుతురుకేసి తిప్పాడు.

"ఇది యాడిదన్నా?"

"మావోడు మడకశిర దిక్కు పల్లెల్లో తిరుగుతాడు కదన్నా, ప్లాస్టిక్ డ్రమ్ములు ఇచ్చి పాత సామాన్లు తీసుకుంటా. వాడు తెచ్చినాడు," అన్నాడు ఫకృద్దీన్. తర్వాత దాన్ని చేతిలోకి తీసుకుని చూశాడు. "అన్నా, ఒక మాట. దీనికి పసుపు కుంకుమ ఉండాది. ఎవరిదో దేవునిదేమో. నీకు పరవాలేదంటే తీసుకో."

"కడిగితే పోతాది," అన్నాడు దివాకర్.

పండగ సెలవుల్లో నాలుగు రోజులు దాని మీదే కూర్చున్నాడు. మిద్దె మీద కిరోసిన్ పోసి, తీగ బ్రష్షుతో రుద్దాడు. తూములోనుంచి కారిన నీళ్లు పచ్చగా పడి, కింద ఆరేసిన దుప్పటికి మరక అంటింది. అరిచాను. "చరిత్రే, చరిత్ర," అన్నాడు పైనుంచి.

మసి పోయాక అంచు దగ్గర ఒక బెజ్జం బయటపడింది. చిటికెన వేలు పట్టేంత. తయారైనప్పటిది కాదు, తర్వాత ఎవరో కొట్టింది. దివాకర్ దాన్ని లప్పంతో పూడ్చాడు. ఆరిన తర్వాత గరుకు కాగితంతో సాపు చేసి, ఆకుపచ్చ రంగు రెండు పూతలు వేశాడు. నన్ను పిలిచి కళ్లు మూసుకోమన్నాడు.

"బెజ్జం యాడుందో చెప్పు చూద్దాం."

వేలితో అంచంతా తడిమాను. దొరకలేదు. ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆగస్టు పదిహేనుకు హైస్కూలు హెడ్‌మాస్టరు రాజేంద్ర సారు ఈ సామాన్లను పిల్లలకు చూపించమని అడిగాడు. వరండాలో బల్లలు వేసి పరిచాము. టోపీని మధ్యలో పెట్టాము. ఏడో తరగతి పాప ఒకతె దాని ముందు నిలబడి అడిగింది.

"సార్, మీ తాత మిలిటరీనా?"

విష్ణువర్ధన్ జెండా వందనానికి వచ్చి గేటు దగ్గర ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఇటు వినలేదు. దివాకర్ ఒకసారి అటు చూశాడు.

"ఊఁ. బర్మా యుద్ధానికి పోయినాడు," అన్నాడు.

పాప చెయ్యెత్తి టోపీకి సెల్యూట్ చేసింది. పక్క పిల్లలూ చేశారు. రాజేంద్ర సారు ఆ మాటే మైకులో చెప్పాడు. రెండు రోజుల తర్వాత పేపరు జిల్లా పేజీలో ఫొటో వచ్చింది: టోపీ పట్టుకుని దివాకర్, కింద 'బర్మా యుద్ధ వీరుడి మనవడు.'

విష్ణువర్ధన్ ఫోన్ చేశాడు. స్పీకరులో ఉండడంతో నాకూ వినబడింది.

"ఏమప్పా, మన తాత బర్మాకు యెప్పుడు పోయినాడు? గానుగెద్దు మీద పోయినాడా?"

"పేపరోళ్లు రాసుకున్నారులే. నేనేం చేయల్ల?"

"రాసుకోనీ, రాసుకోనీ. నాకూ తాతే గదా. రేపు ఎలక్షన్లకు పనికొస్తాది."

ఆ వారమంతా అంగడికి వచ్చినవాళ్లు ఆ మాటే అడిగారు. వాన లేదు. శెనక్కాయ చేలు ఊడలు దిగి కాయ పట్టే పొద్దుకు వాడిపోయాయి. కాలిపోయిన మోటార్లు మోసుకొచ్చిన రైతులు అవి రిపేరయ్యే దాకా బల్ల మీద కూర్చుని, "మీ తాత ఎన్నేండ్లున్నాడు రెడ్డీ ఆడ?" అనేవాళ్లు. దివాకర్ మొదట్లో మాట తప్పించేవాడు. తర్వాత మూడేండ్లు అని చెప్పడం మొదలుపెట్టాడు.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం బయమ్మ వచ్చింది.

అరవై దాటిన మనిషి. ఒక కంటికి ఆపరేషను అయింది, ఇంకో కన్ను మసగ్గా ఉంది. భుజం మీద మడత పెట్టిన కంబళి. వెంట కొడుకు ఆంజినప్ప. మడకశిర దగ్గర పల్లె, గొర్లు మేపుకునే కుటుంబం. రెండు బస్సులు మారి వచ్చామన్నారు.

"బర్మాకు పోయినాయన మనవడి ఇల్లు ఇదేనా అమ్మయ్యా?"

దివాకర్ అన్నం తింటున్నవాడు చెయ్యి కడుక్కుని వచ్చాడు. కుర్చీ వేశాను. ఆమె నేల మీదే కూర్చుంది.

"మావోడు ఫోన్లో చూపించినాడు రెడ్డీ, మీ ఫొటో. చూసినప్పట్నుంచి నాకు కూడు దిగలే. మా జేజినాయన తిప్పన్న, మా నాయన్ను కన్నాయన, ఆయన గూడా బర్మాకు పోయినాడు. ఆయన రాలే. ఆయన టోపీ వచ్చింది. తెచ్చిచ్చినాయనది గోరంట్ల దిక్కని మా జేజి చెప్తాండె. ఇంత దూరం నడిచొచ్చినాడంట. టోపీ చేతిలో పెట్టినాడు, చెంబెడు నీళ్లు తాగినాడు, పోయినాడు. ఏడ్చే గొడవలో పేరడగలే. పేరడగకపోతినే, ఒక పూట కూడు పెట్టకపోతినే అని మా జేజి సచ్చేదాకా అనుకునె. మా నాయన ఈ ఊర్లో విచారించినాడు. దొరకలే."

దివాకర్ నిలబడే ఉన్నాడు.

"అప్పట్లో చాలామంది పోయినారమ్మా," అన్నాడు.

"గోరంట్ల నుంచి ఎందరు పోయింటారు రెడ్డీ? మీ తాతే. ఇంకెవురు?"

ఆమె లేచి కంబళి విప్పి దివాకర్ భుజాల మీద కప్పింది. సొంత గొర్ల బొచ్చుతో నేయించింది. బయట ఎండ మండుతోంది.

"ఇది మా జేజి ఇయ్యాల్సింది. నేనిస్తాండా. ఇంక నిన్ను రెడ్డీ అనను. తమ్ముడా అంటా. కోపం లేదు గదా?"

"లేదక్కా," అన్నాడు దివాకర్.

నేను వంటింట్లోకి పోయి టీ పెట్టాను. తిరిగొచ్చేసరికి ఆమె తమ టోపీ సంగతి చెబుతోంది.

"మాది మొన్న చలికాలంలో పోయింది తమ్ముడా. నేను కంటి ఆపరేషనుకు ఆసుపత్రిలో ఉంటి. నా కోడలు నీళ్ల డ్రమ్ముకు మార్చేసింది. దాన్ని అనేదానికీ లేదు. ట్యాంకరు వారానికొకసారి వస్తాది, డ్రమ్ము లేకపోతే యెట్ల? అది కొత్తగా వచ్చిన పిల్ల, దానికేం తెలుసు. పాత బోకి గిన్నె అనుకునింది."

"మాయమ్మ వచ్చి మూడు రోజులు అన్నం తినలే," అన్నాడు ఆంజినప్ప.

"నువ్వుండ్రా. తమ్ముడా, మాదానికి అంచుకాడ బెజ్జముండె. మా నాయన కొట్టించినాడు, గొలుసేసి దూలానికి తగిలించేదానికి. పెద్దల అమాస నాడు దింపి, మూడు రాళ్ల మీద పెట్టి పాలు కాంచుతాం. పొంగినప్పుడు పాలు ముందు ఆ బెజ్జంలోనుంచే వస్తాయి. అవి వస్తానే మా జేజి 'తాగినాడే' అంటాండె. ఆయనకు గోరీ లేదు గదా. అదే గోరీ మాకు."

దివాకర్ నా వైపు చూశాడు. నేను గ్లాసులు అందించాను.

"గొలుసు అట్లే ఉండాది దూలానికి," అంది బయమ్మ. "ఈ అమాసకు దేంట్లో కాంచల్ల? వేరే గిన్నెలో పెడితే ఆయనకు యెట్ల తెలుస్తాది? నీ తాతది ఒక పూటకు ఇస్తివంటే, ఇద్దరికీ కలిపి పెట్టుకుంటాం. ఒకే పటాలంలో ఉండినోళ్లు. పండగైనాక నీది నీకు తెచ్చిస్తా. దేవుని మీద ఆన."

ఆమెను మిద్దె మీదికి తీసుకుపోయాము. దివాకర్ అలమర తెరిచి టోపీ తీసిచ్చాడు. ఆమె రెండు చేతులతో పట్టుకుంది. బొటనవేలితో అంచు చుట్టూ తడిమింది. వేలు పూడ్చిన చోటు మీదుగా పోయింది. ఆగలేదు.

"మాదీ ఇంతే ఉండె," అంది. "మాది నల్లగుండె."

అమావాస్యకు టోపీ మేమే తెస్తామన్నాడు దివాకర్. వాళ్లు బస్సుకు వెళ్లిపోయాక దివాకర్ కంబళి మడత పెట్టి మంచం మీద ఉంచాడు.

"చెప్పండి ఆమెకు," అన్నాను.

"చెప్పి?"

"వాళ్లది వాళ్లకు ఇచ్చేయండి."

"ఇస్తాననే గదా చెప్తాండేది. పండగకు తీసుకపోదాం. అయినాక ఉంచుకోండక్కా అంటా. ఆమెది ఆమెకు చేరిపోతాది. మధ్యలో ఈ సంగతంతా చెప్పి ఆ ముసలామెను ఏడిపించేది ఎందుకు?"

"ఆమెను కాదు కదా మీరు చూసుకుంటున్నది."

ఆయన కంబళి అంచు సర్దుతూ, "ఊర్లో ఎట్ల తిరగల్ల నేను?" అన్నాడు. నేను మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

అమావాస్య నాడు కారులో వెళ్లాము. పెద్దలకు పెట్టడానికి పంచె, చీర కొన్నాను. మడకశిర దాటాక రోడ్డు పక్క చేలల్లో చెట్టు పీకి గొర్లకు వదిలేసిన శెనక్కాయ కనబడింది. బయమ్మ ఇంటి ముందు ఆవు పేడతో అలికి ముగ్గు వేశారు. మూడు రాళ్లు పెట్టి ఉన్నాయి. బంధువులు చాపల మీద కూర్చున్నారు. వాళ్లలో సగం మంది కన్నడం మాట్లాడుతున్నారు. దివాకర్‌ను చూసి అందరూ లేచారు. ఒక ముసలాయన వచ్చి ఆయన చేతులు పట్టుకుని కళ్లకద్దుకున్నాడు.

నడవలో దూలానికి గొలుసు వేలాడుతోంది. దాని కింద కొత్త నీళ్ల డ్రమ్ము ఉంది. కోడలు డ్రమ్ము పక్కన నిలబడి ఉంది.

బయమ్మ టోపీకి పసుపు రాసి, బొట్టు పెట్టి, రాళ్ల మీద ఉంచింది. పాలచెంబు దివాకర్ చేతికిచ్చింది.

"పేరు పిలిచి పాలు పొయ్యల్ల తమ్ముడా. టోపీ ఎవరిదో వాళ్ల పేరు ముందు పడల్ల. మీ తాతది గదా, ముందు ఆయన్ను పిలువు. మావాడు తర్వాత వస్తాడు, ఆయన పంక్తిలో కూర్చుంటాడు. ముందు పడిన పేరు ఎవరిదో, టోపీ ఆయనది. ఇంక మార్చేదానికుండదు. అందుకని బాగా తలుచుకుని పిలువు."

"మీరే పిలవండక్కా. ముందు మీ తాతనే పిలవండి."

"అదెట్లయితాది? సొమ్ము నీది. నేను పిలిస్తే నీ తాత వస్తాడా?"

చాపల మీదివాళ్లు చూస్తున్నారు. దివాకర్ చెంబు పట్టుకుని నిలబడ్డాడు. భుజాల మీద కంబళి ఉంది. అది కప్పుకుని రమ్మని ఆమె ఫోన్లో చెప్పింది. ముసలాయన, "పేరు చెప్పప్పా, సిగ్గెందుకు," అన్నాడు.

"ఓబుళరెడ్డి," అన్నాడు దివాకర్.

"గట్టిగా."

"ఓబుళరెడ్డీ!" మూడుసార్లు పిలిచి మూడుసార్లు పాలు పోశాడు. తర్వాత బయమ్మ చెంబు తీసుకుని తిప్పన్నను పిలిచింది.

ఆంజినప్ప మంట వేశాడు. ముందు రంగు వాసన వచ్చింది. టోపీ బయటివైపు ఆకుపచ్చ పొర ఉబ్బి, పగిలి, రేకులు రేకులుగా మంటలో రాలింది. "కొత్తగా రంగేసినట్టుండారే," అని ఎవరో అన్నారు. దాని కింద ఇనుము నల్లబడుతూ వచ్చింది.

పాలు పొంగాయి. ఆడవాళ్లు సంబరంగా కేకలు వేశారు. అంచు దాకా వచ్చిన పాలు అంచు మీదుగా పడలేదు. ఒక పక్క లప్పం ముక్క ఊడి బూడిదలో పడింది. ఆ చోటునుంచి పాలు సన్నగా, దారంలాగా కారాయి.

కేకలు ఆగిపోయాయి.

"అమ్మా," అన్నాడు ఆంజినప్ప. "మన బెజ్జం."

"కట్టెలు ఎనక్కి లాగు," అంది బయమ్మ. "మాడతాయి."

ఆమె చేతులు జోడించింది. ఆమె చూసి మిగతావాళ్లూ జోడించారు. 'తాగినాడే' అని ఎవరూ అనలేదు. పాలు కారడం ఆగేదాకా ఆమె అట్లాగే నిలబడింది. తర్వాత బియ్యం, బెల్లం వేసి కలిపింది. మేం తెచ్చిన పంచె, చీర పక్కన పెట్టి మొక్కించింది. ఏదీ తక్కువ చేయలేదు.

విస్తర్లు వేశారు. దివాకర్‌ను మొదటి విస్తరి ముందు కూర్చోబెట్టారు. నన్ను పక్కన. బయమ్మే వడ్డించింది. దివాకర్ అన్నంలో చెయ్యి పెట్టి ఆపాడు.

"అక్కా, అది..."

"తినండి. చల్లారతాది."

తిన్నాము. చేతులు కడుక్కునేచోట ఆమె చెంబుతో నీళ్లు పోసింది. అక్కడ మేం ముగ్గురమే ఉన్నాము.

"ఆ బెజ్జం పూడ్చింది మీరేనా రెడ్డీ?"

"నేనే."

"మేము మీ ఇంటికొచ్చిన పొద్దు మీకు తెలుసునా, అది మాదని?"

"తెలుసు."

ఆమె నా వైపు తిరిగింది. చెంబులో మిగిలిన నీళ్లు నా చేతుల మీద పోసింది.

బయల్దేరేటప్పుడు ఆంజినప్ప టోపీని కొత్త తువ్వాలులో చుట్టి కారు దగ్గరికి తెచ్చాడు. వెనకాల బయమ్మ వచ్చింది. దివాకర్ చేతులు చాపలేదు.

"ఉంచుకోండి. మీదే అది. తప్పయిపోయింది."

"యెట్ల ఉంచుకునేది రెడ్డీ? పేరు పడిపోయింది గదా. ఓబుళరెడ్డి టోపీని నా దూలానికి యెట్ల తగిలిచ్చల్ల?"

"ఆ పేరు తీసేయడానికి ఏదైనా ఉంటే చేయించండి. ఎంతైనా నేను..."

"అట్లాంటిది లేదు."

దివాకర్ భుజాల మీది కంబళి తీయబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"అది ఉంచుకోండి. ఇచ్చింది మేం తీసుకోం. ఆ నీళ్లు తాగిపోయినాయన మనవడు దొరికితే ఇంకోటి నేయిస్తా."

టోపీని నేను అందుకున్నాను. ఇంకా వేడిగా ఉంది. గోరంట్ల దాకా ఒళ్లో పెట్టుకున్నాను.

ఆ తర్వాత దివాకర్ గుజిరీకి వెళ్లలేదు. గది తాళం తీయలేదు. జనవరిలో రాజేంద్ర సారు సామాన్లు మళ్లీ అడిగితే అంగడిలో పని ఉందన్నాడు. అది తన తాతది కాదని మాత్రం చెప్పలేదు. విష్ణువర్ధన్ కట్టించిన ఫ్లెక్సీల మీద ఆ పేపరు ఫొటో వేశారు. హైవే మీద ఒకటి ఇప్పటికీ ఉంది.

ఈ యేడు అమావాస్యకు రెండు రోజుల ముందు ఆంజినప్ప వచ్చాడు. గడప బయటే నిలబడ్డాడు.

"ఓబుళరెడ్డి టోపీ ఒక పూటకు ఇస్తారా అని అడగమనింది మాయమ్మ."

"ఆమె రాలేదా?" అన్నాను.

"వచ్చింది. సందు మొదట్లో కూర్చునుండాది."

దివాకర్ పైకి పోయి తాళం తీసి టోపీ తెచ్చిచ్చాడు. మంచినీళ్లు ఇచ్చాను. ఆంజినప్ప తాగలేదు.

పండగైన మూడో రోజు అతనే వచ్చి తిరిగి ఇచ్చాడు. తువ్వాలులో చుట్టి ఉంది. విప్పి చూశాను. కడిగి, పసుపు రాసి ఉంది. బెజ్జం తెరిచే ఉంది.